పాత వర్షన్, కొత్త వర్షన్, యాదగిరి ఉత్తరం

పాతదా, కొత్తదా?

షాపు ఇచ్చేసి రెండేళ్లయింది. అయినా డీటీపీ నేర్చుకునే పిల్లలు ఎవరో ఒకరు నా నంబరు పట్టుకుని ఫోన్ చేస్తూనే ఉంటారు. "మేడం, మీరు మొదట్నుంచీ అన్ని వర్షన్లూ వాడారంట కదా, టైపింగుకు ఏది మంచిది? పాతదే ఉంచుకోమంటారా, కొత్తది వేయించమంటారా?" అని. దిల్‌సుఖ్‌నగర్లో మెట్రో దిగితే సందుకో కోచింగ్ సెంటరు. నలభై రోజుల్లో అన్నీ నేర్పేస్తామని బోర్డులు. ఏ బటన్ ఎక్కడుందో బాగానే నేర్పుతారు, కాదనను. ఎదురుగా స్టూలు మీద కూర్చుని చెప్పే మనిషి గురించి మాత్రం అక్కడ ఒక్క క్లాసూ ఉండదు.

ముప్పయ్యేళ్లకు పైగా నేను చేసింది జాబ్ టైపింగ్. మాది తెనాలి వైపు. మా ఆయన ఉద్యోగం వల్ల వనస్థలిపురంలో ఇల్లు తీసుకుని ఇక్కడివాళ్లమైపోయాం. మొదట దిల్‌సుఖ్‌నగర్లో ఒకరి దగ్గర పనిచేశాను, తర్వాత ఎల్బీనగర్లో సొంతంగా షాపు పెట్టుకున్నాను. అర్జీలు, అగ్రిమెంట్లు, పెళ్లికార్డులు, థీసిస్‌లు, పెళ్లిచూపుల బయోడేటాలు, ఏది వస్తే అది కొట్టాను. పాతకీ కొత్తకీ తేడా చెప్పమంటే చెబుతాను. కానీ చెప్పుకుంటూ పోతే ఒక ఉత్తరం దగ్గర ఆగాల్సి వస్తుంది. ఆ ఉత్తరాన్ని నా చేతులారా పాడుచేశాను. అది దాచి మీకు సలహాలు ఇస్తే సిగ్గుచేటు.

నల్ల తెర

నేను నేర్చుకున్న మొదటి సాఫ్ట్‌వేరుకు తెర నల్లగా, అక్షరాలు పచ్చగా ఉండేవి. మౌసు లేదు. ఒక మాట లావుగా రావాలంటే దాని ముందొక కోడు, వెనకొక కోడు కొట్టాలి. వెనక కోడు మరిచిపోయామా, అక్కణ్నుంచి చివరి పేజీ దాకా అన్నీ లావు అక్షరాలే. తెర మీద అది కనపడదు, ప్రింటు తీశాకే తెలుస్తుంది. తెలుగుకు వేరే సాఫ్ట్‌వేరు. కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించుకుని, నెల తిరిగేసరికి అవి చెమటకు ఊడిపోతే అలవాటు మీద కొట్టేవాళ్లం. చెరిపింది చెరిపినట్టే పోయేది. మళ్లీ వెనక్కి రప్పించే బటన్ అందులో లేదు.

మా ఓనరు మూర్తి గారు. ముక్కోపి. ఆయన దగ్గర పనిచేసినన్నాళ్లూ రోజుకోసారైనా ఏడ్చి ఉంటాను. ఒకసారి ఒక లెక్చరరు గారి థీసిస్ కొడుతుంటే కరెంటు పోయింది. పొద్దుట్నుంచి నేను సేవ్ చెయ్యలేదు. ఇరవై ఎనిమిది పేజీలు గాల్లో కలిశాయి. లెక్చరరు గారు పాపం తల పట్టుకుని కూర్చున్నారు. మూర్తి గారు మాత్రం అందరి ముందే, "అమ్మాయ్, ఏడుపు తర్వాత. కరెంటు వచ్చేలోపు మొహం కడుక్కుని రా. మొదటి పేజీ నుంచి మళ్లీ కొడుతున్నావ్," అన్నారు. కొట్టాను. అప్పట్నుంచి పేరా అయిపోతే చాలు, నా వేలు దానంతటదే సేవ్ నొక్కేది.

ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉండేది. కొట్టడం అయ్యాక మొత్తం పార్టీకి, అంటే పని ఇచ్చినవాళ్లకు, పైకి చదివి వినిపించాలి. వినిపించేటప్పుడు మనం వాళ్ల మొహం చూడాలి. "కాగితం వంక చూస్తే నీ స్పెల్లింగులు కనిపిస్తాయి. వాళ్ల మొహం చూడు, నచ్చనిది ఎక్కడుందో అక్కడ తెలుస్తుంది," అనేవారు. ఆ రోజుల్లో నాకు ఒళ్లు మండేది. చదివేదాన్ని నేను, కాగితం చూడకుండా ఎలా చదువుతానండీ? ఆయన వినేవారు కాదు. సగం లైను చూసి గుర్తుపెట్టుకో, తల ఎత్తి చెప్పు అనేవారు. అలాగే నేర్చుకున్నాను.

నా అభిప్రాయం అడిగితే, ఆ నల్ల తెర మీద పనిచేసినప్పుడే నేను మంచి టైపిస్టుని. తప్పు దిద్దడం పెద్ద తతంగం కాబట్టి కొట్టకముందే రెండుసార్లు వినేదాన్ని. ఏమన్నారండీ, మళ్లీ చెప్పండి, అని అడిగేదాన్ని. చెప్పేవాళ్లు కూడా ఆలోచించి చెప్పేవాళ్లు.

సీతాసురేషులు

తర్వాత రంగుల తెర వచ్చింది, మౌసు వచ్చింది, తెర మీద చూసిందే కాగితం మీద రావడం మొదలైంది. స్వర్గంలా అనిపించింది. ఒకచోట ఉన్న మాటను ఫైలంతా వెతికి ఒక్క దెబ్బకు మార్చే సౌకర్యం వచ్చింది. రీప్లేస్ ఆల్. మా పనికి అది వరం. ఒక పెళ్లికార్డు ఫైలు ఉంచుకుని పేర్లు మార్చుకుంటే పది నిమిషాల్లో ఇంకో పెళ్లికార్డు.

అలాగే ఒక ముహూర్తాల సీజన్లో పాత కార్డులో పెళ్లికొడుకు రాము పేరు తీసి సురేష్ పేరు పెట్టాను. రీప్లేస్ ఆల్ నొక్కాను. మార్పులు ఏడు అని చూపించింది. ఏడేమిటి, ఆరే కదా ఉండాలి అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కార్డులు అచ్చయి ఇంటికి వెళ్లాక పెళ్లికూతురు తండ్రి, కొత్తపేట నుంచి, కార్డు పట్టుకుని షాపులోకి వచ్చాడు. "మేడం, ఒక్కటి అడుగుత, కోపం చెయ్యకుర్రి. సీతమ్మకు సురేష్ ఎప్పుడు మొగుడయ్యిండు?"

పైన శుభలేఖ మొదటి లైన్లో "శ్రీ సీతాసురేష్‌ల కృపతో" అని ఉంది. సీతారాముల్లో ఉన్న రాముణ్ని కూడా తీసి పారేసింది ఆ మిషను. ఆయనా నవ్వాడు, నేనూ నవ్వాను. నా ఖర్చుతో కార్డులన్నీ మళ్లీ వేయించాను. ఈ కథ నేను చాలామందికి చెప్పి నవ్వించాను. మిషన్ గుడ్డిది, మనిషి చూసుకోవాలి అని నీతి కూడా చెప్పేదాన్ని. ఏ గుడ్డితనం ఎవరిదో నాకప్పటికి తెలియదు.

ఎర్ర గీతలు

ఆ తర్వాత వర్షన్లలో తప్పుగా ఉన్న మాట కింద ఎర్రగా వంకర గీత పడటం మొదలైంది. తెలుగుకు కూడా వచ్చింది. మా షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు కొడితే పేజీ అంతా ఎర్ర గీతలే. "ఒస్తుండు" కింద గీత. "గందుకే" కింద గీత. "పొయ్యిండు" కింద గీత. నేను చకచకా "వస్తున్నాడు", "అందుకే", "పోయాడు" అని మార్చేసేదాన్ని. గీతలు మాయమైపోయేవి. పేజీ కడిగిన పళ్లెంలా కనిపించేది. నాకెంత తృప్తిగా ఉండేదో!

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేర్పింది మిషనే అయినా, నాలో ఆ బుద్ధి ముందే ఉంది. మా వైపు తెలుగే రాయదగిన తెలుగని, ఇక్కడివాళ్ల మాట మాట్లాడుకోవడానికే తప్ప కాగితం మీదికి పనికిరాదని మనసులో ఉండేది. బయటకు ఎప్పుడూ అనలేదు. అనాల్సిన పనేముంది? చేతులతో చేస్తూనే ఉన్నాను. ఆఫీసు అర్జీలకు ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. పైగా "మేడం మంచిగ జేస్తది, మనం ఎట్ల చెప్పినా సక్కగ రాస్తది" అని పేరు వచ్చింది. ఆ పేరు నా తలకెక్కింది.

అదే రోజుల్లో ఒక పుస్తకం పనికోసం ట్రాక్ ఛేంజెస్ అనే సదుపాయం వాడటం మొదలుపెట్టాను. అది ఆన్ చేసి ఉంచితే మనం చెరిపినది నిజంగా చెరిగిపోదు. ఏం తీశామో, ఏం చేర్చామో లోపల దాచుకుంటుంది. తెర మీద ఆ గుర్తులు కనిపించకుండా పెట్టుకోవచ్చు. నేను అలాగే పెట్టుకున్నాను. పుస్తకం పని అయిపోయినా, దిద్దుడు మొదలుపెట్టేముందు దాన్ని ఆన్ చేసే అలవాటు నా వేలికి ఉండిపోయింది. లోపల అది అన్నీ రాసుకుంటూనే ఉంది.

పెద్దచ్చరాలు

యాదగిరి మా షాపుకు వచ్చింది ఒక మధ్యాహ్నం పూట. అరవై దాటిన మనిషి. కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ఉన్నన్నాళ్లూ అక్కడ హమాలీ. మార్కెట్టు ఊరి బయటికి వెళ్లిపోయాక అంత దూరం పోలేక మన్సూరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు. చేతిలో నోటుబుక్కు లోంచి చింపిన నాలుగు కాగితాలు.

"మేడం, గిది మా అన్నకు ఉత్తరం. జర పెద్దచ్చరాలల్ల కొట్టియ్యాలె. అన్నకు కండ్లు మంచిగ కనవడ్తలెవ్వు," అన్నాడు.

"ఫోన్ చెయ్యొచ్చు కదండీ," అన్నాను.

"నా గొంతు ఇంటే కట్ చేస్తడు. పదకొండేండ్లాయె మాట్లాడక. ఇప్పుడు ఒంట్ల మంచిగ లేదట. మా అన్న బిడ్డ స్వప్న చెప్పింది. పానం ఉండంగనే ఒక్కపారి మాట్లాడితే సాలు మేడం."

అన్న పేరు మల్లయ్య. హయత్‌నగర్ దాటాక వాళ్ల సొంత ఊళ్లో ఉంటున్నాడు. అప్పట్లో ముంబై దగ్గర భివండిలో మగ్గాల పనిలో ఉండేవాడట. తల్లి చనిపోతే కబురు విని బస్సెక్కాడు. ఇక్కడేమో పొద్దుగూకుతోంది, వాన వచ్చేలా ఉంది, పెద్దమనుషులు తొందరపెట్టారు. తల్లికి చిన్నకొడుకే కొరివి పెట్టాలి కాబట్టి యాదగిరి పెట్టేశాడు. అన్న వచ్చేసరికి చితి కాలుతోంది. తల్లి కడచూపు ఆయనకు దక్కలేదు. ఆ రోజు నుంచి తమ్ముడితో మాట లేదు.

కాగితాలు తీసుకుని, ముందు ఉన్నది ఉన్నట్టు గబగబా కొట్టేశాను. దిద్దుడు తర్వాత పెట్టుకోవడం నా పద్ధతి. అందులో ఇలా ఉంది:

"అన్నా, నేను యాదిగాన్ని. అమ్మ పోయిన నాడు నువ్వు బస్సుల ఉన్నవని నాకెర్కే. పెద్దమనుషులు లేవట్టమన్నరు. మా అన్న వచ్చేదాంక ఆగుర్రి అని నేను గట్టిగ అననుండె. అనలే. గదే నా తప్పు. నువ్వు వచ్చి నన్ను ఒక్క దెబ్బ కొడితివంటే అయిపోవు. కొట్టకపోతివి, తిట్టకపోతివి. పంతం పట్టి కూసున్నవ్, గది నీ తప్పు. నాకిప్పుడు ఎవ్వలు లేరే అన్నా, యాదిగా అని పిలిచేటోళ్లు. ఒక్కపారి తిట్టనన్న తిట్టు, నీ నోటెంట ఇనాలె."

పేజీ నిండా ఎర్ర గీతలు. నా చేతులు ఆగలేదు. అన్న ఒంట్లో బాగాలేని మనిషి, ఆయనకు "నీ తప్పు" అని రాస్తారా ఎవరైనా? తీసేశాను. "కొట్టు", "తిట్టు" తీసేశాను. యాదిగా అనేది మరీ మొరటుగా అనిపించి తీసేశాను. పెద్దవాళ్లకు రాసే ఉత్తరం ఎలా ఉండాలో అలా చేశాను. నా ఫార్మాటులో పైన "విషయం" అనే లైను ఉంటుంది, అది కూడా ఖాళీగా వదల్లేదు. చివరికి తయారైంది ఇదీ:

"విషయం: తల్లిగారి అంత్యక్రియలను గురించి. గౌరవనీయులైన అన్నయ్యగారికి నమస్కరించి వ్రాయునది. నాటి పరిస్థితుల దృష్ట్యా కార్యక్రమమును ముందుగా నిర్వహించవలసి వచ్చినది. ఇందువలన మీకు కలిగిన మనస్తాపమునకు చింతించుచున్నాను. ఇట్టి విషయమును మీరు సానుకూలముగా పరిశీలించి, ఈ లేఖ అందిన వెంటనే తమ అభిప్రాయము తెలియజేయగలరు."

ఇప్పుడు ఇది చదువుతుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ రోజు మాత్రం గర్వంగా చదివి వినిపించాను. తెర వంక చూస్తూ చదివాను. ఆయన మొహం చూడలేదు.

చదవడం అయ్యాక యాదగిరి మెల్లగా, "మంచిగనే ఉన్నది మేడం. గని... మేం మా అన్నను నువ్వనే అంటం. గా మీరు అన్నది..." అని ఆగాడు.

"ఉత్తరంలో మీరు అనే రాయాలండీ. పెద్దాయన కదా, గౌరవం," అన్నాను.

"అట్లనా. మీకు తెల్వదా మేడం. సదువుకున్నోళ్లు," అన్నాడు. కింద సంతకం పెట్టాడు. చేతి కాగితాలు నేను ఎప్పటిలాగే చింపి బుట్టలో వేశాను. ఆయన వాటి వైపు ఒకసారి చూశాడు.

నోటీసు

పదహారు రోజుల తర్వాత యాదగిరి మళ్లీ వచ్చాడు. చేతిలో అన్న తిప్పి పంపేసిన అదే ప్రింటు, మడతలు నలిగిపోయి ఉంది. అరుస్తాడేమో అనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"మేడం, మా అన్న గిది కోర్టు నోటీస్ అనుకున్నడట," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే చెప్పాడు. ఊళ్లో ఉన్న కొద్దిపాటి భూమి ఇంకా అన్నదమ్ములిద్దరి పేరునా ఉంది. స్వప్న ఉత్తరం చదువుతుంటే "విషయం" అనగానే మల్లయ్య లేచి కూర్చున్నాడట. "మీరు" అని, "ఇట్టి విషయము" అని, "అందిన వెంటనే" అని వినేసరికి, "ఇది మా యాదిగాడు రాసింది కాదు. ఏ వకీలుతోనో రాయించిండు. నేను సచ్చేదాంక గూడ ఆగుతలేడు, భూమి కోసం నోటీస్ పంపిండు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడట. తమ్ముణ్ని గడప తొక్కనియ్యొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పాడు. స్వప్నే ఉండబట్టలేక ఫోన్ చేసింది: "చిన్నాయినా, బాపు గిట్ల ఉండంగ గా నోటీస్ ఎందుకు పంపినవ్?" అని.

"తప్పు నాది యాదగిరి గారూ. మీ మాటలు మీవిగా ఉంచాల్సింది. నేనే మార్చాను," అన్నాను.

"మీరేం జేస్తరు మేడం. గట్ల వద్దని నేను గట్టిగ అననుండె," అన్నాడు. "అనలే."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. తన ఉత్తరంలో ఆ మాట ఉందని కూడా ఆయనకు ఆ క్షణాన గుర్తు లేదేమో. నాకు మాత్రం గుర్తొచ్చింది. నాడు పెద్దమనుషులు ఎట్లాగో, నేడు నేనట్లాగ.

"మళ్లీ చెప్పండి, మీరు చెప్పింది చెప్పినట్టు కొడతాను," అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "మూడు దినాలు కూసోని రాసిన మేడం. ఇప్పుడు గట్ల రాదు. ఏం రాసిన్నో గూడ యాదికొస్తలేదు."

కాగితాలు నేను చింపేశాను. బుట్ట ఎప్పుడో ఖాళీ అయిపోయింది.

కొత్తది బయటపెట్టింది

సరే చూద్దామని ఫైలు తెరిచాను. ఈ మధ్యలో షాపులో కొత్త వర్షన్ వేయించాను. పాతదాంట్లో గుర్తులు దాచి పెట్టుకున్నాను కదా, ఈ కొత్తది నన్నడక్కుండానే అన్నీ బయట పెట్టింది. పేజీ అంతా ఎరుపు. ఆయన ప్రతి మాట మీదా అడ్డంగా కొట్టివేత. పక్కనే నేను చేర్చిన మాటలు, కింద గీతతో. "నువ్వు" కొట్టేసి "మీరు". "యాదిగాన్ని" కొట్టేసి ఏమీ లేదు. "నీ నోటెంట ఇనాలె" కొట్టేసి "తమ అభిప్రాయము తెలియజేయగలరు". నా పేరు, నేను మార్చిన సమయం కూడా పక్కన చూపిస్తోంది.

యాదగిరి తెర దగ్గరికి వంగి చూశాడు. "గివి నా మాటలేనా మేడం? గీతలు గొట్టిన్రు?" అన్నాడు. అవునన్నాను.

మార్పులన్నీ వద్దు అనే బటన్ ఒకటి ఉంటుంది. నొక్కాను. నా గౌరవనీయులు, నా మనస్తాపములు అన్నీ ఒక్క క్షణంలో పోయి, ఆయన ఉత్తరం ఆయనకు తిరిగొచ్చింది. నల్ల తెర కాలంలో అయితే ఈ ఉత్తరం శాశ్వతంగా పోయేది. అందుకని కొత్త వర్షన్‌కు దండం పెట్టాలి. కానీ దిద్దడం అంత కష్టంగా ఉన్న ఆ కాలంలో అయితే నేను ఇంత దిద్దేదాన్నా? ఆ సంగతి ఈరోజుకీ నాతో నేను వాదించుకుంటూనే ఉంటాను.

పెద్ద పెద్ద అక్షరాల్లో ప్రింటు తీశాను. ఈసారి ఆయన మొహం చూస్తూ చదివాను. "గంతే మేడం. గిట్లనే," అన్నాడు. కాగితాలు చొక్కా జేబులో పెట్టుకుని, ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర హయత్‌నగర్ బస్సెక్కడానికి దాదాపు పరుగెత్తాడు.

ఇనవడలె

ఆయన ఊరు చేరేసరికి మల్లయ్య ఇంట్లో లేడు. ఆ పొద్దున్నే ఊపిరి అందక ఎల్బీనగర్ దగ్గరి దవాఖానలో చేర్చారు. యాదగిరి మళ్లీ వెనక్కి, ఎల్బీనగర్ వైపే వచ్చాడు. మల్లయ్య ముక్కుకు, నోటికి ఆక్సిజన్ మాస్కు. కళ్లు మూసుకునే ఉన్నాడట. తమ్ముడు వచ్చాడని తెలిసిందో లేదో ఎవరికీ తెలియదు. స్వప్న చెవి దగ్గర కూర్చుని ఉత్తరం మొత్తం చదివింది. మూడో రోజు మల్లయ్య పోయాడు.

ఇదంతా దినాలు అయ్యాక యాదగిరి వచ్చి చెబితేనే తెలిసింది. పనేమీ లేదు, ఊరికే వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే తాగాడు.

పదహారు రోజులు. ఆ పదహారు రోజులూ మల్లయ్య ఇంట్లో, తెలివితో, మాట్లాడే స్థితిలో ఉన్నాడు. తిట్టడానికి ఓపిక ఉన్న రోజులవి. వాటిని నేను తిన్నాను. వేరే ఎవరి మీదా వెయ్యడానికి లేదు, మిషన్ మీద అసలే లేదు. మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే, ఎర్ర గీత పడినప్పుడల్లా నన్ను తిట్టుకోండి, పర్వాలేదు. ఆ మనిషి అన్న మాట మాత్రం తియ్యకండి. దిద్దమని వాళ్లే అడిగితే దిద్దండి. అడగకపోతే, అది వాళ్ల అన్నకు రాసుకున్నది, మీకు కాదు.

వెళ్లబోతూ యాదగిరి గుమ్మంలో ఆగాడు.

"మేడం, ఒక్కటి అడుగుత. స్వప్న సదువుతాంటే, ఆఖర్న, యాదిగా అని పిలిచేటోళ్లు లేరని ఉంటది సూడు, గక్కడికి వచ్చేసరికి అన్న నోరు కదిలింది. నేను కండ్లార సూసిన. మాస్కు ఉండె, ఇనవడలె." మళ్లీ నా వైపు తిరిగి, "నన్నే పిలిచిండంటరా?" అన్నాడు.

అవునండీ, మిమ్మల్నే పిలిచారు, అంటే సరిపోయేది. ఎవరైనా అంటారు. ఆయన వచ్చింది ఆ ఒక్క మాట కోసమేనని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు మాత్రం, ఇంకొకరి నోట్లో మళ్లీ నా మాట పెడుతున్నానేమో అని భయం వేసింది. ముప్పయ్యేళ్లు ఎవరూ అడగని చోటల్లా మాటలు చేర్చిన దాన్ని, అడిగిన ఆ ఒక్కచోట నోరు మెదపలేకపోయాను.

ఆయన ఇంకాస్త సేపు నిలబడి చూశాడు. "సరే మేడం, పోతా," అని మెట్లు దిగాడు. ఆ నెలాఖరుకు నేను షాపు ఇచ్చేశాను.